మే నెలలో కొండలకు: ఆరేళ్ల పాప, పదహారేళ్ల అమ్మాయి, మోకాళ్ల నొప్పుల అత్తయ్యగారు — ఎక్కడికి వెళ్లాలి?

వేలచ్చేరి కోడలు — మార్చి 5

అందరికీ నమస్కారం. మే నెల రెండో వారంలో, అంటే చెన్నైలో కత్తిరి ఎండలు నడినెత్తిన ఉండే రోజుల్లో, మా కుటుంబమూ మా ఆడపడుచు కుటుంబమూ కలిసి ఐదు రోజులు ఏదైనా కొండ ప్రాంతానికి వెళ్లాలని అనుకుంటున్నాము. మొత్తం తొమ్మిది మందిమి. మా అబ్బాయికి 14 ఏళ్లు, పాపకు 6. మా ఆడపడుచు కూతురికి 16, కొడుకుకు 9. మా అత్తయ్యగారు కూడా వస్తారు.

చిక్కు ఏమిటంటే, ఎవరి కోరిక వారిది. పెద్ద పిల్లలిద్దరూ మంచు చూడాలి, మనాలి తప్ప మరో ఊరి పేరు ఎత్తవద్దు అంటున్నారు. మావారు వారి పక్షం చేరి విమానం టిక్కెట్ల ధరలు చూస్తున్నారు. మేనల్లుడు తిరుమల ఘాట్ రోడ్డు మీదే రెండుసార్లు వాంతి చేసుకుంటాడు కనుక మా ఆడపడుచుకు మలుపుల పేరు చెబితేనే భయం. పాపకు గుర్రం ఎక్కిస్తే చాలు. అత్తయ్యగారికి వేడి అన్నమూ, మెట్లు తక్కువగా ఉన్న గదీ దొరికితే ఏ కొండైనా ఒకటే. ఊటీ, కొడైకెనాల్ పెళ్లికి ముందు చూసినవే గాని, నలుగురు పిల్లలతో వెళ్లడం వేరే సంగతి. పిల్లలతో వెళ్లి వచ్చినవారు మీ అనుభవం చెప్పగలరా?

పెరంబూరు తాతయ్య — మార్చి 5

కోడలమ్మా, ఉద్యోగమంతా రైల్వేలోనే గడిచినవాణ్ణి కనుక రైలు వైపే మొగ్గుతానని ముందే ఒప్పుకుంటున్నాను. రాత్రి చెన్నై సెంట్రల్‌లో నీలగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే పిల్లలు నిద్రలోనే తెల్లవారేసరికి మెట్టుపాళయం చేరతారు. అక్కడ ఉదయం ఏడు దాటాక కొండ రైలు బయలుదేరి, ఊటీ వరకు ఉన్న 46 కిలోమీటర్లకు దాదాపు ఐదు గంటలు తీసుకుంటుంది. అంత నెమ్మదిగా ఎందుకని మీ 14 ఏళ్ల అబ్బాయి తప్పక అడుగుతాడు. కల్లారు నుంచి కూనూరు వరకు వాలు ఎంత ఎక్కువంటే, సుమారు పన్నెండు అడుగులు నడిస్తే ఒక అడుగు పైకి ఎక్కినట్టు. మామూలు చక్రం అక్కడ జారిపోతుంది. అందుకే పట్టాల నడుమ పళ్లున్న పట్టీ ఒకటి వేశారు, ఇంజను కింద ఉన్న పళ్ల చక్రం ఆ పళ్లను పట్టుకుని మెట్లెక్కినట్టు ఎక్కుతుంది. పైగా ఇంజను ముందుండి లాగదు, వెనక ఉండి నెడుతుంది. ఇలా పళ్ల పట్టాతో నడిచే రైలు మన దేశంలో ఇదొక్కటే. కూనూరు వరకు 1899లోనూ, ఊటీ వరకు 1908లోనూ వేసిన ఈ దారిలో 16 సొరంగాలు, 250 వంతెనలు ఉన్నాయి. 2005లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. సొరంగం వచ్చినప్పుడల్లా పెట్టెలోని పిల్లలందరూ ఒక్కసారిగా అరుస్తారు. మీ పెద్ద పిల్లలు మొదటి రెండు సొరంగాలకు మౌనంగా ఉండి మూడోదానికి తామూ అరుస్తారు, చూడండి.

ఇప్పుడు అసలు సంగతి. ముందస్తు రిజర్వేషను గడువు 2024 నవంబరు నుంచి 120 రోజులకు బదులు 60 రోజులే. మే 12న కొండ రైలు ఎక్కాలంటే మార్చి 13 ఉదయం సిద్ధంగా కూర్చోవాలి. పెట్టెలు చిన్నవి, సీట్లు కొద్ది, వేసవిలో ఎగబడేవారు వేలమంది. పెద్ద సూట్‌కేసులు తేవద్దు, పెట్టే చోటు ఉండదు.

అణ్ణానగర్ బాటసారి — మార్చి 5

హిమాలయాలకు నాలుగుసార్లు వెళ్లినవాడిగా చెబుతున్నాను: ఐదు రోజులకు మనాలి వద్దు. నాకు మనాలి అంటే ప్రాణం, అయినా వద్దు. చెన్నై నుంచి ఢిల్లీకి విమానం, అక్కడి నుంచి 530 కిలోమీటర్లకు పైగా రోడ్డు, అందులో రెండో సగమంతా మలుపులే. రాత్రి బస్సు పన్నెండు గంటలకు తక్కువ పట్టదు. రాకపోకలకే మీ ఐదు రోజుల్లో మూడు పోతాయి. మీ మేనల్లుడి సంగతి నేను వేరే చెప్పనక్కరలేదు.

మరొక మాట. మే నెల మధ్యలో మనాలి ఊళ్లో మంచు ఉండదు. ఊరు ఉన్నది 2,050 మీటర్ల ఎత్తులో. మంచు కోసం ఇంకా పైకి, రోహ్‌తాంగ్ వైపో, 2020లో ప్రారంభమైన అటల్ సొరంగం దాటి లాహౌల్ వైపో వెళ్లాలి. రోహ్‌తాంగ్ కనుమకు వాహనాల సంఖ్య పరిమితం, అనుమతి ముందుగా తీసుకోవాలి, మంగళవారం పర్యాటకులను అనుమతించరు. ఆ తిప్పలన్నీ పడి పైకి చేరితే, పిల్లలు అరగంట మంచు విసురుకుంటారు, తరువాత తడిసిన చెప్పులతో ఏడుస్తారు. పాపకు పదేళ్లు వచ్చాక పది రోజుల సెలవు పెట్టి వెళ్లండి.

పిల్లల డాక్టరమ్మ — మార్చి 6

రెండు విషయాలు. మొదటిది ఘాట్ రోడ్డు వాంతులు. చెవి లోపల ఉండే సమతౌల్య అవయవం శరీరం ఊగుతోందని మెదడుకు చెబుతూ ఉంటే, చేతిలోని ఫోను మీదో బొమ్మల పుస్తకం మీదో ఉన్న కన్ను అంతా స్థిరంగా ఉందని చెబుతుంది. ఈ రెండు కబుర్లూ కలవకపోవడమే వికారానికి మూలం. రెండేళ్లు దాటిన దగ్గర నుంచి పన్నెండేళ్ల దాకా ఇది ఎక్కువ, తరువాత చాలామందికి తగ్గుతుంది; కనుక మీ మేనల్లుడు సరిగ్గా ఆ వయసులోనే ఉన్నాడు. వాణ్ణి వెనక వరుసలో కూర్చోబెట్టకండి, దారి కనబడే చోట కూర్చోబెట్టి దూరాన ఉన్న కొండ అంచును చూడమనండి, ఫోను ఇవ్వకండి. కడుపు ఖాళీగానూ ఉండకూడదు, నిండుగానూ ఉండకూడదు. పులిహోర పొట్లం కట్టనిదే మనకు ప్రయాణం మొదలుకాదని నాకూ తెలుసు గాని, ఘాట్ ఎక్కే ముందు మాత్రం రెండు ఇడ్లీలతో ఆపండి. మందు ఇవ్వాలంటే, పిల్లవాడి బరువును బట్టి మోతాదు చెప్పవలసింది మీ డాక్టరు. బయలుదేరడానికి ముందే వేయాలి, వాంతి మొదలయ్యాక వేస్తే కడుపులో నిలవదు.

రెండోది ఎత్తు. సుమారు 2,500 మీటర్లు దాటాకే ఎత్తువల్ల వచ్చే తలనొప్పి, వాంతులు, నిద్రలేమి మొదలవుతాయి. ఊటీ 2,240 మీటర్లు, కొడైకెనాల్ సుమారు 2,130, కూనూరు 1,850 మీటర్ల చుట్టుపక్కల ఉన్నాయి కనుక ఆ బెంగ అక్కరలేదు. రోహ్‌తాంగ్ 3,978 మీటర్లు. ఆరేళ్ల పాప తలనొప్పి అని చెప్పదు, ఊరికే చిరాకు పడుతుంది, అన్నం మానేస్తుంది. అది అలకో అనారోగ్యమో తేల్చుకోవడం తల్లికి కూడా కష్టమే. పద్నాలుగేళ్లవాడు నొప్పి ఉన్నా పౌరుషానికి పోయి చెప్పడు. ఎండ సంగతి కూడా మరచిపోకండి: చల్లగా ఉంది కదా అని టోపీ లేకుండా తిప్పితే పిల్లల ముఖాలు కమిలిపోతాయి, ఎందుకంటే పైకి వెళ్లేకొద్దీ అతినీలలోహిత కిరణాల తీవ్రత పెరుగుతుంది.

విల్లివాక్కం అత్త — మార్చి 6

అంత దూరం ఎందుకమ్మా, ఏలగిరి ఉంది కదా. జోలార్‌పేట దాకా రైలు, అక్కడి నుంచి 14 హెయిర్‌పిన్ మలుపులు, అంతే.

మడిపాక్కం మాస్టారు — మార్చి 6

అత్తగారూ, ఏలగిరి డిసెంబరుకు బాగుంటుంది. ఎత్తు పెరిగేకొద్దీ ప్రతి 1,000 మీటర్లకు ఉష్ణోగ్రత సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. ఏలగిరి 1,100 మీటర్ల చిల్లర మాత్రమే. కింద వాణియంబాడిలో 40 డిగ్రీలు ఉన్న మధ్యాహ్నం పైన సుమారు 35 ఉంటుంది. మదనపల్లె దగ్గర మన హార్స్‌లీ కొండ కూడా ఇంచుమించు ఆ కోవలోనిదే. అదే లెక్కన ఊటీకి వస్తే సముద్ర మట్టంతో పోలిస్తే పద్నాలుగు డిగ్రీల తేడా. మే నెల ఎండకు తప్పించుకోవడమే ఉద్దేశమైతే 1,800 మీటర్లకు తక్కువ ఉన్న చోటు గురించి ఆలోచించడం దండుగ.

విల్లివాక్కం అత్త — మార్చి 6

సరే మాస్టారూ, లెక్కల్లో మీతో గెలవలేను. అయితే గది గురించి నా మాట ఒకటి వినండి. రెండేళ్ల క్రితం మేము ఒక కొండ ఊళ్లో ‘కుటుంబ గది, లోయ కనిపించే బాల్కనీ’ అన్న ప్రకటన చూసి డబ్బు కట్టాము. లోయ కనిపించిన మాట నిజమే, ఎందుకంటే గది లోయలోనే ఉంది. కారు ఆగిన చోటు నుంచి తొంభై రెండు మెట్లు దిగాలి. మా అమ్మగారు వెళ్లిన రోజు దిగి, తిరుగు ప్రయాణం రోజు ఎక్కారు. నడుమ మూడు రోజులూ గది గోడలు చూస్తూ కూర్చున్నారు. కొండ మీద ‘గ్రౌండ్ ఫ్లోరు’ అంటే అర్థం వేరు. ఫోను చేసి, వాహనం ఆగే చోటు నుంచి మంచం దాకా ఎన్ని మెట్లు ఎక్కాలి, ఎన్ని దిగాలి అని విడిగా అడగండి. స్నానాల గదిలో వేడి నీళ్లు ఏ వేళ నుంచి ఏ వేళ వరకు వస్తాయో కూడా అడగండి. తొమ్మిది మందికి ఒక గీజరు అంటే ఉదయమంతా స్నానాలతోనే సరిపోతుంది.

పదకొండో తరగతి — మార్చి 7

నాకు 17 ఏళ్లు. పెద్దల చర్చలో మాట్లాడుతున్నందుకు క్షమించండి, కాని మా వయసువారి గురించి ఇంతమంది ఇన్ని మాటలు చెబుతున్నారు గనుక ఒకటి నేనూ చెబుతాను. మేము మనాలి అనేది మంచు కోసం మాత్రమే కాదు. ప్రతి ఏడూ వేసవి ప్రయాణం ఎలా ఉంటుందంటే, ఉదయం ఏడింటికి లేపుతారు, వ్యాన్‌లో ఎక్కిస్తారు, ఒక్కొక్క ‘పాయింట్’ దగ్గర పావుగంట దింపి, ఫొటో తీసి, మళ్లీ ఎక్కిస్తారు. రోజుకు ఎనిమిది పాయింట్లు. సాయంత్రానికి ఏది ఏ పాయింటో గుర్తుండదు. మనాలి అయితే అలా ఉండదని మా ఆశ. నిజానికి అక్కడా అలాగే ఉంటుందేమో. కనుక ఊరు మీరే ఎంచుకోండి, కాని ఒక్క రోజు మాకు వదిలేయండి: ఎక్కడికి వెళ్లాలి, ఎంత ఖర్చు, ఎక్కడ తినాలి అన్నీ మేమే నిర్ణయిస్తాము, మీరు వెంట రండి. తప్పు జరిగితే జరగనివ్వండి. ఒక్క ఉదయమైనా తొమ్మిదింటి దాకా నిద్రపోనివ్వండి.

వేలచ్చేరి కోడలు — మార్చి 7

బాబూ, నీ మాటలు మా ఇంట్లో పెద్ద పిల్లలిద్దరికీ చదివి వినిపించాను. మా అబ్బాయి లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. డాక్టరమ్మగారి జవాబు చూశాక మావారు మనాలి ఊసు మానేశారు. ఇప్పుడు కూనూరులో నాలుగు రాత్రులు, ఒకే చోట మకాం అని అనుకుంటున్నాము. ఊటీలో కాకుండా కూనూరులో ఎందుకంటే రద్దీ కొంత తక్కువ, అత్తయ్యగారికి చలి కూడా కొంత తక్కువ. ఇక రెండు సందేహాలు. ఈ-పాస్ అంటున్నారు, అది మాకు అవసరమా? మా ఆడపడుచు కూతురు ట్రెక్కింగ్ అడుగుతోంది, పంపవచ్చునా?

మడిపాక్కం మాస్టారు — మార్చి 8

ఈ-పాస్ అంటే కొండ మీదికి వచ్చే వాహనానికి ముందుగా ఆన్‌లైన్‌లో తీసుకునే అనుమతి; మద్రాసు హైకోర్టు ఆదేశంతో 2024 మే 7 నుంచి ఊటీకీ కొడైకెనాల్‌కూ వచ్చింది. 2025 వేసవిలో నీలగిరికి మామూలు రోజుల్లో 6,000, శని ఆదివారాల్లో 8,000 వాహనాలు అని పరిమితి కూడా పెట్టారు. రైల్లోనో ప్రభుత్వ బస్సులోనో వెళ్లేవారికి ఆ పని లేదు; సొంత కారుకో అద్దె వ్యానుకో మాత్రమే కావాలి. బయలుదేరే ముందు ఆ ఏటి నిబంధనలు ఒకసారి చూసుకోండి. నీళ్ల ప్లాస్టిక్ సీసాలు నీలగిరి జిల్లాలో నిషేధం, దారిలో తనిఖీ చేసి తీసేసుకుంటారు. మనిషికొక స్టీలు సీసా తీసుకువెళ్లండి.

ట్రెక్కింగ్ విషయంలో నేను కొంచెం కఠినంగానే మాట్లాడతాను. 2018 మార్చి 11న తేని జిల్లా కురంగణి కొండల్లో కార్చిచ్చు చుట్టుముట్టి, చెన్నై నుంచి, ఈరోడ్ నుంచి వెళ్లిన బృందాల్లో చాలామంది చనిపోయారు. ఎండాకాలంలో ఎండిపోయిన కొండ గడ్డికి నిప్పు అంటుకుంటే మనిషి పరుగు దానికి చాలదు. ఎవరో యువకులు సామాజిక మాధ్యమాల్లో పెట్టిన ప్రకటన చూసి పిల్లలను వెంట పంపకండి. 2024లో తమిళనాడు ప్రభుత్వమే ‘ట్రెక్ తమిళనాడు’ పేరుతో 40 దారులను తెరిచి, శిక్షణ పొందిన స్థానిక గిరిజన మార్గదర్శకులను వెంట పంపే ఏర్పాటు చేసింది. వాటిలో నీలగిరి దారులు కూడా ఉన్నాయి. ఆ రోజుల్లో ఏవి తెరిచి ఉన్నాయో చూసి, తేలికదానికే నమోదు చేయించుకోండి.

అణ్ణానగర్ బాటసారి — మార్చి 8

మాస్టారితో ఒక్క విషయంలో విభేదిస్తాను. ప్రతి నడకకూ మార్గదర్శకుడు అంటే పిల్లలు ఎప్పటికీ సొంతంగా నడవరు. తేయాకు తోటల మధ్య తారు రోడ్డు మీద రెండు కిలోమీటర్లు పదహారేళ్ల అమ్మాయీ పద్నాలుగేళ్ల అబ్బాయీ నడిచి రాలేరా?

మడిపాక్కం మాస్టారు — మార్చి 8

రాగలరు, పగటి వేళ, ఒక షరతు మీద. కూనూరు, కోటగిరి తేయాకు తోటల్లో అడవి దున్నలు తిరుగుతూ ఉంటాయి. ఊరి పశువుల్లా నెమ్మదిగా మేస్తూ కనిపిస్తాయి గనుక పట్నం పిల్లలు ఫొటో కోసం దగ్గరకు వెళ్తారు. ఒక్కొక్కటి ఏడెనిమిది వందల కిలోలకు పైగా ఉండే జంతువు; బెదిరితే ఎటు దూకుతుందో దానికే తెలియదు. కనిపిస్తే ఆగిపోవాలి, దారి దానికి వదలాలి, వెనక్కి రావాలి. సాయంత్రం చీకటి పడే వేళ నడక వద్దే వద్దు. ఈ మాట ముందే చెప్పి పంపితే నాకు అభ్యంతరం లేదు.

వేలచ్చేరి కోడలు — మార్చి 13

తాతయ్యగారూ, ఉదయం ఎనిమిదింటికి ముగ్గురం మూడు ఫోన్లతో కూర్చున్నాము. నీలగిరి ఎక్స్‌ప్రెస్‌లో తొమ్మిదీ దొరికాయి. కొండ రైలుకు డబ్బు చెల్లించి ముగించేసరికి తొమ్మిదీ వెయిటింగ్ లిస్టులో పడ్డాయి. పిల్లల ముఖాలు చూడలేకపోతున్నాను.

పెరంబూరు తాతయ్య — మార్చి 13

దిగులు పడకమ్మా. కూనూరుకూ ఊటీకీ మధ్య రోజుకు కొన్ని కొండ రైళ్లు విడిగా నడుస్తాయి. వెల్లింగ్టన్, అరవంకాడు, కేత్తి, లవ్‌డేల్ మీదుగా పద్దెనిమిది కిలోమీటర్ల దారి. అక్కడ పళ్ల పట్టా ఉండదు, డీజిల్ ఇంజను లాగుతుంది. కాని కేత్తి లోయ కనిపించేది ఆ ముక్కలోనే. మీరు దిగేది కూనూరులోనే కనుక అదే మేలు. మీరు ఎక్కే రోజుకు సరిగ్గా 60 రోజుల ముందు ఆ టిక్కెట్లు తీసుకోండి. మెట్టుపాళయం నుంచి కూనూరుకు వ్యాన్ మాట్లాడుకుని, ఉదయం ఏడులోపు ఎక్కేయండి. ఎనిమిది దాటితే కల్లారు దగ్గర నుంచే వాహనాల వరుస మొదలవుతుంది. ఆవిరి ఇంజను చూడాలంటే మధ్యాహ్నం కూనూరు స్టేషనుకు పిల్లలను తీసుకువెళ్లండి, పక్కనే షెడ్డు ఉంది.

వేలచ్చేరి కోడలు — మే 19

వెళ్లి వచ్చాము. సలహా ఇచ్చినవారందరికీ ఏమి జరిగిందో చెప్పడం ధర్మం కనుక రాస్తున్నాను.

మెట్టుపాళయంలో ఆరున్నరకే వ్యాన్ ఎక్కాము. ఈ-పాస్ సంగతి వ్యాన్ యజమానే చూసుకున్నాడు. మేనల్లుణ్ణి మధ్య వరుసలో, రోడ్డు కనిపించేలా కూర్చోబెట్టి, మా ఆడపడుచు కూతురు వాడి చేత హెయిర్‌పిన్ మలుపులు లెక్కపెట్టించింది. పద్నాలుగు లెక్కపెట్టాడు, వాంతి చేసుకోలేదు. చేసుకున్నది మావారు. పద్నాలుగు మలుపుల్లో పదమూడింటి దాకా ఫోనులో ఆఫీసు మెయిళ్లు చదివిన ఫలితం అది.

విల్లివాక్కం అత్తగారు చెప్పినట్టు మెట్లు అడిగి తీసుకున్న ఇల్లు కనుక అత్తయ్యగారు వాకిట్లో కుర్చీ వేసుకుని హాయిగా కూర్చున్నారు. వంట చేసే అవకాశం ఉందని పప్పు తీసుకువెళ్లాము గాని, మూత పెట్టిన గిన్నెలో ఎంతసేపటికీ ఉడకలేదు. మాస్టారికి ఫోనులో సందేశం పంపితే, ఆ ఎత్తులో నీళ్లు 94 డిగ్రీల దగ్గరే మరుగుతాయని, కుక్కరు వాడమని చెప్పారు. మా అబ్బాయి భౌతికశాస్త్రం గురించి తానుగా ప్రశ్న అడగడం అదే మొదటిసారి. అంతకు మించి మురిసిపోకూడదని ఊరుకున్నాను.

మూడో రోజు పెద్ద పిల్లలకు వదిలేశాము. చేతికి నాలుగు వేల రూపాయలు ఇచ్చి, తొమ్మిదింటి దాకా నిద్రపోనిచ్చి, వారు చెప్పినట్టు నడిచాము. కూనూరు నుంచి రైల్లో ఊటీకి తీసుకువెళ్లారు. 1848లో మొదలైన బొటానికల్ గార్డెన్‌లో, రాయిగా మారిన, రెండు కోట్ల సంవత్సరాల నాటిదని చెబుతున్న చెట్టు మొదలు దగ్గర అబ్బాయి అరగంట నిలబడ్డాడు. పూల ప్రదర్శన రోజులు కావడంతో జనం కిక్కిరిసి ఉన్నారు, మధ్యాహ్నం భోజనానికి గంటన్నర వరుసలో నిలబడవలసి వచ్చింది, అప్పటికి పాప ఏడుపు మొదలుపెట్టింది. ముందుగా ఎక్కడ తినాలో చూసుకోలేదని పెద్దమ్మాయి తానే ఒప్పుకుని, మిగిలిన డబ్బులో నుంచి పాపకు చెరువు దగ్గర గుర్రం ఎక్కించింది. ట్రెక్కింగ్ కుదరలేదు, మేము అడిగిన తేదీకి తేలిక దారిలో చోటు దొరకలేదు. బదులుగా ఇద్దరూ రెండు ఉదయాలు తేయాకు తోటల దారిలో నడిచి వచ్చారు. రెండో రోజు అడవి దున్న కనిపించిందట, పావుగంట ఆగి వెనక్కి వచ్చేశారట. ఫొటో లేదు, కనుక నిజంగానే ఆగారని నమ్ముతున్నాను.

పదకొండో తరగతి — మే 19

ఆంటీ, నాలుగు వేలలో ఎంత మిగిలింది?

వేలచ్చేరి కోడలు — మే 19

నూట పది రూపాయలు. లెక్క కాగితం మీద రాసి ఇచ్చారు. గుర్రానికి ఎంత అయిందో మాత్రం అందులో రాయలేదు.